పార ఎత్తని ఐలా

రాష్ట్ర రహదారి 347 కన్నుమూసిందని మా కౌంటీ పత్రిక మొదటి పేజీలో రాసింది. రోడ్డు కన్నుమూయడమేమిటో నాకు అంతుపట్టలేదు. పద్నాలుగు మైళ్ల తారు ఎక్కడుండేదో అక్కడే ఉంది. మర్నాడు పొద్దున్న ట్వెట్ వాళ్ల పాల లారీ దాని మీదే వెళ్లింది. మారిందల్లా రెండు. స్తంభాల మీది నంబరు పలకలు ఊడదీశారు. చలికాలంలో మంచు తోసే బాధ్యత రాష్ట్రం చేతిలోంచి కౌంటీ చేతిలోకి వెళ్లింది. ఈపాటి దానికి నార్విక్ ఊళ్లో సభ పెట్టి, హైస్కూలు బ్యాండు చేత విషాద గీతం వాయించి, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించారు. జీవితం కూడా ఒక రహదారేనని పాస్టరు గారు సెలవిచ్చారు. చలిలో నిలబడి ఆ మాట వినడం కంటే ఇంట్లో కట్టెలు కొట్టుకోవడం నయం.

ఆ సభలో మాట్లాడమంటే కుదరదన్న మనిషి ఒక్కతే, ఐలా రౌటియో. ఇరవై ఏళ్లుగా ఆ రోడ్డు మీద రాష్ట్రం మంచుబండి నడిపింది ఆవిడే.

"రోడ్డు గురించి చెప్పడానికేముంది? ఇటు మొదలవుతుంది, అటు ఆగుతుంది" అంది. నిజానికి ఆ రోజు రోడ్డు గురించి పలికిన మాటల్లో సరిగ్గా ఉన్నది అదొక్కటే.

ఇటు అంటే నార్విక్‌లో ధాన్యం గోదాము పక్కన, పెద్ద రోడ్డు మీంచి విడిపోయే చోటు. అక్కణ్నుంచి లూథరన్ చర్చి దాటి, ట్వెట్ వాళ్ల పశువుల కొట్టం దాటి, ఐలా ఇంటి ముందు నుంచి వెళ్లి, బురదనేలల మధ్య కట్ట మీదెక్కి, రైలు పట్టాలు దాటుతుంది. అటు అంటే సరస్సు పక్కన దేవదారు చెట్ల గుట్ట మీది క్షయ ఆసుపత్రి గేటు. అసలు రోడ్డు పుట్టిందే ఆ గేటు కోసం. మిన్నెసోటా ఉత్తరాన ఊపిరితిత్తులు పాడైన వాళ్లందర్నీ ఒకప్పుడు ఆ గుట్ట మీదికే పంపేవాళ్లు. ఆసుపత్రి రాష్ట్రానిది కాబట్టి దానికి వెళ్లే దారి కూడా రాష్ట్రానిదే అని శాసనసభ చట్టం చేసి నంబరిచ్చింది. తర్వాత మందులొచ్చాయి, రోగులు ఇళ్లకెళ్లిపోయారు, ఆసుపత్రి మూతపడింది. చట్టం మాత్రం పుస్తకంలో ఉండిపోయింది. చట్టంలో ఉన్న రోడ్డుని చట్టమే తీసెయ్యాలి, దానికెవరికీ తొందర లేకపోయింది. అందుచేత ముప్పై ఏళ్లపాటు ఒక ఖాళీ భవనం గుమ్మం దాకా ప్రభుత్వం మంచు తోస్తూ వచ్చింది. ఇంతకంటే మేలైన నిర్లక్ష్యాన్ని నేనెక్కడా చూడలేదు. దాని వల్ల బతికినవాళ్లలో మేమూ ఉన్నాం.

ఐలా ఫిన్లండు నుంచి వచ్చినవాళ్ల మనవరాలు. పొడగరి, మాట తక్కువ. ఆ రోజుల్లో మంచుబండి నడిపే ఆడవాళ్లు మా వైపు ఇంకెవరూ లేరు. ఆ ఉద్యోగంలోకి ఎందుకొచ్చారని పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది.

"పళ్ల డాక్టరు ఖర్చుకి బీమా ఉంటుందని" అంది ఐలా.

"అంటే... ఈ రోడ్డుతో ఏదైనా అనుబంధం..."

"నాకు పళ్లతో అనుబంధం ఎక్కువమ్మా."

ఆ అమ్మాయి పాపం పెన్ను మూసేసింది. అసలు సంగతి నాకు చెప్పింది ఐలా మొగుడు రైనో. ఐలా వాళ్లమ్మ రెండు చలికాలాలు ఆ గుట్ట మీద ఉంది. అప్పటికి ఐలాకి బడి వయసు కూడా రాలేదు. పిల్లల్ని లోపలికి రానివ్వరు. ఆదివారం ఆదివారం వాళ్ల నాన్న పాత కారులో తీసుకెళ్లి పచ్చిక మీద, అంటే మంచు మీద, నిలబెట్టేవాడు. రెండో అంతస్తు కిటికీలోంచి వాళ్లమ్మ ఎర్ర తువ్వాలు ఊపేది. ఆదివారం పొద్దున్నే మంచుబండి పెద్ద రోడ్డు సంగతి తర్వాత చూసుకుని ముందు ఆసుపత్రి దారే తోసేది. అలా చెయ్యమని రూలేం లేదు. అప్పటి డ్రైవరు ఏక్సెల్ నీబెర్గ్ అనే ముసలాయన తనంతట తను చేసేవాడు. ఎదురుపడినప్పుడల్లా ఐలా నాన్న స్టీరింగు మీంచి చూపుడువేలు ఒకటి పైకెత్తేవాడు. మా వైపు కృతజ్ఞతంటే అంతే. రెండో వేలు ఎత్తారంటే తాగి ఉన్నారని లెక్క.

వాళ్లమ్మ నయమై ఇంటికొచ్చింది, ఎనభై ఏళ్లు బతికింది. ఒక్క ఆదివారం కూడా తప్పలేదని ఆవిడ చివరిదాకా చెప్పేదట. రోడ్డు ఐలాని పెంచిందని నేననను. అలాంటి మాటలకి పాస్టరు గారున్నారు. అమ్మ కిటికీ దాకా రోడ్డు తెరిచి ఉండేది, అది ఆ పిల్లకి తెలుసు, నాకు తెలిసింది అంతవరకే.

ఇక్కడ పార గురించి చెప్పాలి. మంచుబండి ముందు పెద్ద ఇనప పార ఉంటుంది. అది మంచుని రోడ్డు పక్కకి తోస్తూ పోతుంది. ఆ తోసిన మంచు వరసగా గట్టు కడుతుంది. మీ ఇంటి దారి రోడ్డుని కలిసే చోట కూడా కడుతుంది. అప్పటిదాకా మీరు చెమటోడ్చి ఊడ్చుకున్న దారి మూతి మళ్లీ పూడిపోతుంది. డ్రైవరు తలుచుకుంటే అక్కడ వేగం తగ్గించి, పారని ఒక్క క్షణం ఎత్తి, కాస్త తిప్పి, గట్టు మీ గుమ్మం ముందు పడకుండా చూడొచ్చు. ఐలా ట్వెట్ వాళ్లకి ఎత్తేది, పాల లారీ లోపలికెళ్లాలి కాబట్టి. ముసలివాళ్లకి ఎత్తేది. పాస్టరు గారికి కూడా ఎత్తేది. ఎత్తనిది ఒక్క ఇంటికే, తన ఇంటికి.

"ప్రభుత్వ బండితో నా గుమ్మం ఊడ్చుకున్నానని ఎవడూ అనకూడదు" అనేది.

అందుకని మంచు పడ్డ ప్రతి పొద్దున్నా రౌటియో వాళ్ల ఇంటి ముందు ఒక దృశ్యం ఉండేది. రైనో చేతి పార పుచ్చుకుని నిలబడేవాడు. పెళ్లాం బండి ఉరుముతూ వచ్చేది. అతను అప్పుడే ఊడ్చిన చోట నడుమెత్తు గట్టు కట్టి వెళ్లిపోయేది.

"ఓసి రాక్షసీ! సాయంత్రం ఇంటికి రావా? అప్పుడు చెప్తా నీ పని!" అని రైనో వీధంతా వినపడేలా అరిచేవాడు. ఐలా అద్దంలోంచి చూపుడువేలు ఎత్తి చూపించేది. పాల లారీ డ్రైవర్లు దీనికోసం వేగం తగ్గించేవాళ్లు.

ఇంకొకటి. డిసెంబరు రాగానే మ్యూరియల్ ట్వెట్ తన పోస్టు డబ్బాకి ఒక సంచీ తగిలించేది. అందులో యాలకులు దంచి వేసిన పుల్లా రొట్టె ఉండేది. నార్వే వాళ్లింటి కోడలు ఫిన్లండు రొట్టె నేర్చుకున్నదే ఐలా కోసం. రాష్ట్ర ఉద్యోగి కానుకలు తీసుకోకూడదని రూలు. ఐలా సంచీ ముందు నుంచి వెళ్లిపోయేది. రెండు రోజుల్లో నీలం జే పిట్టలు దాన్ని చింపి పండగ చేసుకునేవి. మళ్లీ డిసెంబరుకి మ్యూరియల్ మళ్లీ తగిలించేది. ఇద్దరూ ఈ విషయం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు అసలు కథ. రోడ్డు నవంబరు మొదట్లో కౌంటీకి వెళ్లింది. ఆ శరదృతువులోనే రైనో గుండెలో కవాటం చెడిందని తేలింది. జనవరిలో ఆపరేషన్ అన్నారు, అప్పటిదాకా పార ముట్టుకోవద్దన్నారు. ఆపరేషన్ ఐలా ఉద్యోగం బీమా మీద. ఉద్యోగం ఉంటే ఆపరేషన్ ఉంటుంది. అందుకే ఆవిడ కొత్తగా ఇచ్చిన పెద్ద రోడ్డు పని తలొంచుకుని చేసుకుపోవాలనుకుంది.

మొదటి తుఫాను దుప్పి వేట రోజుల్లో వచ్చింది. తెల్లవారుతున్న వేళ, అద్దం ముందు తెల్లటి గోడ తప్ప ఇంకేం కనపడని మంచు. గోదాము దగ్గర ఐలా నేరుగా పోవాలి. చేతులు ఎడమవైపు తిప్పాయి. ఇరవై చలికాలాలు తిప్పిన చేతులు అవి. చర్చి దాటింది, ట్వెట్ వాళ్ల దగ్గర పార ఎత్తింది. తన ఇల్లు కూడా దాటి కట్ట మీదెక్కాక ఒక వట్టి స్తంభం కనిపించింది. పలక ఉండాల్సిన చోట లేదు. అప్పుడు తెలిసింది, తను ఇప్పుడు రాష్ట్రం బండితో కౌంటీ రోడ్డు తోస్తోందని.

ఆగి వెనక్కి తిప్పుదామంటే అటూ ఇటూ బురదనేల. ఆ బండి తిరిగేంత చోటు ఆసుపత్రి ముందు గుండ్రంగా ఉన్న దారి దగ్గర మాత్రమే. పైగా వెనక పాల లారీ తగులుకుంది. పార దించితే తప్పు, ఎత్తితే తనే కూరుకుపోతుంది. దించే వెళ్లింది.

రైలు పట్టాల దగ్గర ఎదురుగా కౌంటీ గ్రేడరు, రోడ్డు గీకి చదును చేసే బండి, వచ్చి ఆగింది. గేటు వైపు నుంచి తోసుకుంటూ వచ్చింది కౌంటీ డ్రైవరు లైల్ స్కోగెన్. వేటగాళ్లు వేసుకునే నారింజ రంగు కోటులో ఉన్నాడు.

"ఏం తల్లీ, ఎవరి రోడ్డు మీద తిరుగుతున్నావ్?" అని తల బయటపెట్టాడు.

"నీదే నాయనా. తెలిసి రాలేదు, చేతులు తెచ్చాయి."

"ఆ చేతుల్ని రోజూ పంపించు. నాకు సగం పని తప్పింది."

"ఆ కోటేంట్రా, పెళ్లికెళ్తున్నావా?"

"దుప్పి కోసం చెట్టెక్కి కూర్చుంటే మా ఆవిడ అడవిలోకొచ్చి కేకేసింది, ఆఫీసు వాళ్లు పిలుస్తున్నారని. ఆ కేకకి కౌంటీలో ఉన్న దుప్పులన్నీ కెనడా దాటుంటాయి."

లైల్ గ్రేడరుని ఒక పొలం దారిలోకి వెనక్కి తీశాడు. ఐలా ఆసుపత్రి దాకా వెళ్లి, ఆ కిటికీ కింద బండి తిప్పుకుని వచ్చింది. వచ్చేటప్పుడు తన ఇంటి ముందు మామూలుగానే గట్టు కట్టింది. రైనో గుమ్మంలో నిలబడి, చేతిలో పార లేదు కాబట్టి పిడికిలి ఊపాడు.

ఈలోగా పెద్ద రోడ్డు మీద మంచు అలాగే ఉంది. గోర్డన్ ప్రెస్కాట్ అని ఇళ్ల స్థలాలు అమ్మే పెద్దమనిషి కారు జారి పక్క కాలవలోకి దిగింది. మనిషికీ కారుకీ ఏం కాలేదు, అహానికి బాగా తగిలింది. ఆయన వాకబు చేశాడు. రాష్ట్రం బండి ఆ టైములో ఎక్కడుందో తెలుసుకున్నాడు. ఆ రోడ్డు మీద ఎవరి ఇల్లుందో కూడా తెలుసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఫిర్యాదు వెళ్లిపోయింది: మంచుబండి డ్రైవరు ప్రభుత్వ వాహనంతో సొంత ఇంటి దారి శుభ్రం చేసుకుందని. అది రుజువైతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఏం పోతుందో మా రోడ్డు మీద అందరికీ తెలుసు.

ఇరవై ఏళ్లలో ఆవిడకి నోరు తెరిచి థాంక్స్ చెప్పిన మనిషి మాలో ఒక్కడు లేడు. ఆ సాయంత్రం అందరికీ ఒక్కసారే నోళ్లు తెరుచుకున్నాయి. అదీ ఒకరితో ఒకరు అనుకోకుండా. ఐలా పై అధికారి మిల్టన్ బ్రెకె ఇంటి ఫోను మోగుతూనే ఉంది. తనకి డీజిలు అయిపోతే తనే ఐలాని రేడియోలో పిలిచానని లైల్ చెప్పాడు. మలుపు దగ్గర ఇంట్లో ఎవరికో నొప్పులొచ్చాయన్నారు. ఆ ఇంట్లో అరవై దాటినవాళ్లే ఉన్నారు. చర్చి పొయ్యిలోంచి పొగ వచ్చిందన్నారు పాస్టరు గారు. అది అబద్ధం కాదు, పొయ్యిలోంచి రావాల్సింది పొగే. మ్యూరియల్ ఏడుస్తూ, తన భర్తకి గుండెల్లో నొప్పొస్తే తనే ఐలాని రమ్మన్నానంది.

"మ్యూరియల్, మీ ఆయన పోయి నాలుగేళ్లయింది. శవపేటిక మోసినవాళ్లలో నేనున్నాను" అన్నాడు మిల్టన్.

"ఆయనకెప్పుడూ గుండె బలహీనమే" అంది మ్యూరియల్, ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఉదయం మిల్టన్ ఐలాని ఆఫీసుకి పిలిపించాడు. మ్యూరియల్ ట్రక్కులో వచ్చింది ఐలా, రైనోని కూడా వెంటేసుకుని. రైనో నడవాలో బల్ల మీద కూచున్నాడు. తలుపు సగం తెరిచే ఉంది. ఆ రోజు అక్కడ జరిగింది నాకు రైనో చెప్పాడు, మిల్టన్ చెప్పాడు. ఇద్దరి మాటా ఒకటే.

"నాకు వచ్చిన ఫోన్ల లెక్కన నిన్న ఆ రోడ్డు మీద ఒక కాన్పు, ఒక అగ్నిప్రమాదం, చచ్చినాయనకి గుండెపోటు జరిగాయి" అన్నాడు మిల్టన్. "ఇందులో ఏది నిజమో చెప్పు, అది రాసుకుంటాను."

ఆయన దారి చూపిస్తున్నాడని ఐలాకి అర్థమైంది. ఒక్కదానికి ఊఁ అంటే చాలు.

"ఒక్కటీ కాదు" అంది ఐలా. "మలుపు దగ్గర చేతులు అటు తిరిగాయి. మంచులో గమనించలేదు. అంతే రాసుకో."

"పిచ్చిదానా, రైనో ఆపరేషన్..."

"ఆపరేషన్ సంగతి నాకు తెలుసు. వాళ్ల చేత అబద్ధాలాడించి చేయించుకోను."

మిల్టన్ తల పట్టుకున్నాడు. "సరే. ప్రెస్కాట్ ఏమంటున్నాడో విను. నువ్వు మీ ఇంటి దారి శుభ్రం చేసుకోవడానికే..."

నడవాలోంచి బల్ల కిందపడిన చప్పుడైంది. డాక్టరు ఆవేశపడొద్దన్న మనిషి తలుపు తోసుకుని లోపలికొచ్చేశాడు.

"శుభ్రమా? ఎవడా మాటన్నది? ఇరవై ఏళ్లయ్యా, ఇరవై ఏళ్లు ఇది నా గుమ్మం ముందు కొండలు కట్టి పోయింది! ఊళ్లో అందరికీ పార ఎత్తుద్ది, పాస్టరుకి ఎత్తుద్ది, కట్టుకున్నవాడికి ఎత్తదు! నిన్నటి గట్టు ఇవాళ రాయైంది, మా కారు బయటికి రాక మ్యూరియల్ ట్రక్కులో పాల డబ్బాల మధ్య కూచుని వచ్చాం! శుభ్రమంట! వచ్చి చూడు, నీ కళ్లతో చూడు!"

"రైనో, కూచో" అంది ఐలా.

"నేను కూచోను!"

మిల్టన్ టోపీ పెట్టుకున్నాడు. ముగ్గురూ ఆయన బండిలో వెళ్లారు. గట్టు ఉంది. నడుమెత్తు, గడ్డకట్టి, మీద కుక్క అడుగులు కూడా పడి. దాని వెనక రౌటియో వాళ్ల కారు బందీలా నిలబడి ఉంది. మిల్టన్ బూటుతో ఒకసారి తన్ని చూశాడు. కాలు నొప్పి పుట్టింది.

"సొంతానికి వాడుకున్నదాని గుమ్మమా ఇది?" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత ఐలా వైపు తిరిగి, "హెచ్చరిక రాస్తాను. దారి చూసుకోకుండా నడిపినందుకు. అంతకంటే ఏం లేదు" అన్నాడు.

"న్యాయమే" అంది ఐలా.

ఆవిడ ఉద్యోగం నిలిచింది. జనవరిలో రైనోకి కొత్త కవాటం వేశారు. పంది గుండెలోంచి తీసి చేసింది. క్రిస్మస్‌కి తిన్న పంది హామ్‌లన్నిటికీ క్షమాపణ చెప్పుకోవాలని అతనే అందరికీ చెప్పుకు తిరిగాడు.

మ్యూరియల్ సంచీ ఆ ఏడు మాత్రం పిట్టలకి దక్కలేదు. కౌంటీకి కానుకల రూలు లేదు. లైల్ మొదటిసారి సంచీ కనపడగానే గ్రేడరు ఆపి, దిగి, తీసుకుని, అక్కడే నిలబడి ఒక ముక్క తినేశాడు. ఇన్నేళ్ల తర్వాత తన రొట్టె మనిషి నోట్లోకి వెళ్లడం కిటికీలోంచి చూసిన మ్యూరియల్ ఇక డిసెంబరు కోసం ఆగలేదు. మంచు పడ్డప్పుడల్లా సంచీ వేలాడేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం బాగా పడింది. ఐలాకి ఆ రోజు సెలవు. రైనో ఇంకా బరువులెత్తకూడదు. ఆవిడ చేతి పార పుచ్చుకుని దారి ఊడుస్తోంది. ఆయన కుర్చీ వేసుకుని, దుప్పటి కప్పుకుని, ఎలా ఊడవాలో చెబుతున్నాడు. రోడ్డు వైపు నుంచి గ్రేడరు చప్పుడు వినిపించింది. ఐలా పక్కకి తప్పుకుంది. గట్టు పడుతుంది, మళ్లీ తవ్వాలి, ఇందులో కొత్తేముంది అన్నట్టు నిలబడింది.

గ్రేడరు వాళ్ల ఇంటి ముందుకొచ్చి వేగం తగ్గించింది. పార లేచింది. గట్టు అవతలికి పోయి పడింది. లైల్ అంతటితో ఆగలేదు. వెనక్కి వచ్చి, దారి మూతిలో పాత మంచు మిగిలి ఉంటే దాన్ని కూడా గీకి, బల్లలా చదును చేశాడు. తర్వాత తలుపు తీసి సగం తిన్న రొట్టె సంచీ చాచాడు.

"మ్యూరియల్ పంపింది."

"నాకు తీసుకోకూడదని తెలుసుగా" అంది ఐలా.

"సెలవు రోజున కూడానా? ఇది కౌంటీ సంచీ తల్లీ, రాష్ట్రానిది కాదు. చెయ్యి నొప్పి పుడుతోంది, పట్టుకో."

ఐలా ఒక్క క్షణం చూసి పట్టుకుంది. లైల్ తలుపు వేసుకుని బురదనేలల వైపు వెళ్లిపోసాగాడు. కుర్చీలో రైనో శుభ్రంగా ఉన్న దారి వైపూ, రోడ్డు వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఓయ్, మరి నేనిప్పుడెవర్ని తిట్టాలి?"

ఐలా చేతికి ఉన్ని తొడుగు ఉంది, వేళ్లన్నీ ఒకే సంచీలో ఇమిడేలాంటిది. దాంతో వేలెత్తితే తెలియదు. రొట్టెని చంకలో పెట్టుకుని, పళ్లతో తొడుగు లాగి, ఆ చలిలో ఉత్త చేతి చూపుడువేలు ఒకటి పైకెత్తి, గ్రేడరు రైలు పట్టాలు దాటేదాకా అలాగే నిలబడింది.